వాగు ఇవతల ఏదీ అయిపోదు

కాయల కోతకని కొండ మీది మొగలి అడవికి వచ్చినప్పటి నుంచి నెమాప్‌కి కాలు ఒకచోట నిలవడం లేదు. కాయలు ఏరుతూ ఏరుతూ సగంలో వదిలేసి వాగు వైపు దారి చూస్తుంది. పొయ్యిలోకి కట్టె ఎగదోసి, అది రాజుకోకముందే మళ్లీ లేస్తుంది. కింద ఊళ్లో కూతురు ఇలీ నిండు చూలాలు. తొలి కాన్పు. "ఇంకా రోజులున్నాయిలే అమ్మా, వెళ్లిరా" అని ఆ పిల్లే బలవంతంగా పంపింది. మొగుడు పోయిన ఇంటి నుంచి కోతకి ఒక్కరూ రాకపోతే ఆ ఇంటి చెట్లు మొగుడి అన్నదమ్ములకి పోతాయి. అందుకని వచ్చిందే గానీ ప్రాణమంతా కిందే ఉంది.

పోనీ నోరారా చెప్పుకుందామా అంటే ఇక్కడ నోటికి కట్టుబాటు. వాగు దాటి ఈ అడవిలో అడుగు పెట్టాక ఊరి మాట పలకకూడదు. నీళ్లు 'జారేది', నిప్పు 'ఎర్రది'. మనుషుల పేర్లు ఎత్తకూడదు. అన్నిటికంటే పెద్ద తప్పు, ఏదైనా అయిపోయిందని అనడం. వచ్చింది, పడింది, ముగిసింది అంటే చాలు, కాయల్లో పప్పు అక్కడితో ఆగి నీరైపోతుంది. జరిగిపోయినదాన్ని కూడా జరుగుతున్నట్టే చెప్పాలి. నిన్న బావగారి కొడుకు చెట్టు మీంచి జారి బురదలో వెల్లకిలా పడి, "పడుతున్నాను, పడుతున్నాను" అని మూలిగాడు. "పడుతూ ఉండు నాయనా, మేం నవ్వుతూ ఉంటాం" అన్నారు ఆడవాళ్లు. నెమాప్ కూడా నవ్వింది. ఆ నవ్వు కాసేపే.

మధ్యాహ్నం మంచులోంచి సాబ్లి ఊడిపడ్డాడు. నెమాప్ తమ్ముడి కొడుకు. కింది నుంచి ఎక్కొచ్చిన ఆయాసంతో రొప్పుతున్నాడు. ఆమె వాడి చెయ్యి పట్టుకుని మంట దగ్గరికి లాక్కొచ్చింది.

"కింద ఏం జరుగుతోందిరా?"

సాబ్లి బావగారి వైపు చూశాడు. బావగారంటే వంబీ, మొగుడి అన్న, కోతకి పెద్ద. రాయితో కాయలు కొట్టడం ఆపి ఆయన వాణ్ణే చూస్తున్నాడు.

"నొప్పులు వస్తున్నాయి అత్తా. అనుకున్నదానికంటే ముందే వస్తున్నాయి."

"ఊఁ, ఆ తర్వాత?"

"లోపలున్నది బయటికి వస్తోంది."

"నాన్చకురా! చెప్పు."

"ఏడుపు వినిపిస్తోంది."

"ఎవరి ఏడుపు? పసిబిడ్డదా, ఊరిదా?"

సాబ్లి కాల్చిన దుంప తీసి నోట్లో కుక్కుకున్నాడు. "తింటున్నాను అత్తా" అన్నాడు తల వంచుకుని.

నెమాప్‌కి ఒళ్లు మండింది. ఈ కట్టుబాటు పెట్టినవాడెవడో గానీ వాడికి కడుపున పుట్టిన పిల్ల ఉండి ఉండదు. ఇక తమాయించుకోలేక ఊరి మాటల్లోనే నోరు తెరిచింది.

"నా కూతురు బతి..."

చుట్టూ రాళ్ల చప్పుడు ఆగిపోయింది. ఊరందరి కాయలూ, ఏడాది పండగలూ ఆ ఒక్క మాట దగ్గర ఉన్నాయి. నెమాప్ నాలుక కొరుక్కుంది.

"ఇవి నీ ఒక్కదాని కాయలు కావు" అన్నాడు వంబీ. తర్వాత గొంతు తగ్గించాడు. "వాణ్ణి తీసుకుని వాగు దాటమ్మా. అవతల ఎట్లా కావాలంటే అట్లా చెబుతాడు."

దిగినవాళ్లు ఆ ఏడు మళ్లీ పైకి రాకూడదు. అది అందరికీ తెలిసిందే.

"మరి నా చెట్లు?"

"కోస్తున్నాను. నీ గుమ్మం ముందు పోస్తున్నాను."

ఒక్క గెల కోసం కూడా తగువుకి దిగే మనిషి ఆయన. అలాంటివాడు అంత మెత్తగా మాట్లాడేసరికి నెమాప్‌కి అనుమానం బలపడింది. పక్కనున్న కాయల సంచి వీపున వేసుకుని, దాని తాడు నుదుటికి తగిలించుకుని ఒక్క ఉదుటున దిగడం మొదలుపెట్టింది.

"మెల్లగా అత్తా! జారుతున్నావు!" అంటూ సాబ్లి వెనకే పడ్డాడు.

వాగు దగ్గరికి వచ్చాక ఆగిపోయింది. మోకాలి లోతు నీళ్లు, అంతే. అవతలి ఒడ్డున ఒక్క మాట కాచుకుని ఉంది. ఇవతల మాత్రం ఇలీ ఇంకా నొప్పులు పడుతోంది, ఇంకా కంటోంది. ఇవతల ఆ పిల్ల అయిపోయిందని ఎవరూ అనలేరు. ఇంతసేపూ తిట్టుకున్న కట్టుబాటులోనే ఇప్పుడు కూలబడిపోవాలనిపించింది. వంగి కాళ్లు కడుక్కుంది. కడిగిన కాళ్లే మళ్లీ కడుక్కుంది. సంచి తాడు విప్పి మళ్లీ ముడేసింది. సాబ్లి తొందరపెట్టలేదు. అటు తిరిగి మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. అది ఆమె చూసింది.

నీళ్లలోకి దిగింది. అవతలి ఒడ్డెక్కి వెనక్కి తిరిగింది.

"ఇప్పుడు చెప్పు."

"ఇలీ పోయింది అత్తా. తెల్లవారుతుండగా పోయింది."

కూతురి పేరు విని ఎన్నాళ్లో అయింది. నెమాప్ రెండు చేతులతో పొట్ట పట్టుకుని అలాగే నిలబడింది.

"బిడ్డ?"

"ఆడపిల్ల. ఏడుస్తోంది. ఎవరి రొమ్మూ పట్టట్లేదు. ఏడుస్తూనే ఉంది."

నెమాప్ వాడి మొహంలోకి చూసింది. వాగు దాటేశారు. ఇది అడవి మాట కాదు.

"నిజంగా ఏడుస్తోందా? ఇప్పుడు?"

"నేను బయల్దేరేటప్పుడు కూడా గుక్కపెట్టి ఏడుస్తోంది అత్తా."

ఆమె సంచిలో కాయలన్నీ ఒడ్డు మీద కుమ్మరించింది. సంచి దులిపి, అడుగున పసిదాని కోసం మెత్తటి ఆకులు పరిచి, మళ్లీ తాడు నుదుటికి తగిలించుకుని పరుగందుకుంది.