నలభై నాలుగో నంబరు ముద్ర

నేను ఒక రాతి ముద్రను. బొటనవేలంత ఉంటాను. నా నెత్తిన ఒక బుల్లి సింహం కూర్చుని ఉంటుంది. ఈ ఉదయం పదిన్నర నుంచి నన్ను ఎవరో దొంగిలించారని విశాఖపట్నంలోని ఒక విశ్వవిద్యాలయపు చైనా కేంద్రం అట్టుడికిపోతోంది. కేకలు వేస్తున్నది డైరెక్టరు, ప్రొఫెసర్ ఆకెళ్ల పద్మనాభం. ఆయన కుర్చీకి నాలుగడుగుల దూరంలో, గోడవార అట్టపెట్టెలో, టేబుల్ ఫ్యానుకీ చెత్తబుట్టకీ మధ్య ఇరుక్కుని ఆ కేకలన్నీ నేనే వింటున్నాను. పెట్టె మీద అతిథుల కోసం తెచ్చిన శాలువాలు, పూలగుత్తులు పేర్చారు. నాకు నోరుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

"పదకొండున్నరకి చైనా వాళ్లు వస్తున్నారు! నాలుగింటికి వాళ్ల విమానం! ముద్ర లేకపోతే ఒప్పందం లేదు. తాళం ఎవరి దగ్గరుంది? నీ దగ్గర! ముద్ర ఎవరు తీశారు?"

"నానెరగను సార్. మూడ్రోజులు మా మేనకోడలి పెళ్లికెళ్లాను. తాళం నా మొలతాడుకే ఉంది. ఒట్టు."

ఆ రెండో గొంతు గవర్రాజుది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అటెండరు. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతాడు.

"అదే అంటున్నాను! తాళం నీ దగ్గరే ఉంటే దొంగ ఇంకెవరు?"

కాగితం మీద పెన్ను కరకరలాడింది. రిజిస్ట్రారుకి నివేదిక. పద్మనాభం గారికి ఏది రాసినా పైకి చదువుకుంటూ రాసే అలవాటు. "ఈ నేరానికి పూర్తి బాధ్యుడైన, క్రింద పేర్కొన్న వ్యక్తిని తక్షణం ఉద్యోగం నుంచి తొలగించవలసిందిగా... పేరు... ఆగు. ముందు వాళ్లని పంపించి, నీ పేరు తర్వాత రాస్తాను. అదొక్కటే ఖాళీ."

గవర్రాజు అతిథుల కుర్చీలు దులుపుతున్న చప్పుడు వినబడింది.

నా పుట్టుక గురించి చెప్పాలి. చెంగ్డూ నగరంలో ఒక ముసలాయన నన్ను రాయిలోంచి చెక్కాడు. నాలాంటిదాన్నే ఇంకొకదాన్ని చెక్కాడు. అది అక్కడి విశ్వవిద్యాలయంలో ఉంది, నేను ఇక్కడికి వచ్చాను. ఏటా ఎనిమిది మంది పిల్లలు ఇటు నుంచి అటు వెళ్లి, ఎనిమిది మంది అటు నుంచి ఇటు వచ్చి చదువుకోవాలి. ఒప్పందం కొత్తగా రాసుకున్నప్పుడల్లా రెండు రాళ్లూ పక్కపక్కన ఎర్రగా పడాలి. అక్కడ మనిషి సంతకం కన్నా రాతి ముద్రకే విలువెక్కువ. మనుషుల గురించి వాళ్లకి బాగా తెలుసనుకుంటాను.

ఇక్కడ దిగిన రోజే నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. నాతో వచ్చిన ఎర్ర సిరా ముద్ద డబ్బీ కుంకుమ భరిణలాగే ఉంటుంది. పద్మనాభం గారు దాంతోనే ముఖ్య అతిథికి తిలకం దిద్దారు. మూడు రోజుల వరకూ ఆ తిలకం పోలేదట. ఆ వారమంతా ఆ అతిథి మహా భక్తుడన్న పేరు తెచ్చుకున్నాడు.

ఆనాటి నుంచి నేను అలమరాలోనే. రోజూ ఉదయం గవర్రాజు తలుపు తీసి, భుజం మీది తువ్వాలుతో సింహం నెత్తి తుడిచి, "ఏటమ్మా, నిద్దరట్టిందా?" అని అడిగేవాడు. నా జన్మలో నన్ను అలా అడిగినవాడు ఆయనొక్కడే.

నిన్న మధ్యాహ్నం ఏం జరిగిందో కూడా చెబుతాను. అలమరా తెరుచుకుంది. తీసిన చెయ్యి గవర్రాజుది కాదు. ఆ చేతిలో ఉన్నది రెండో తాళం. ఆ మనిషి ఫోనులో, "గోంగూర పెట్టండి, కారం మాత్రం తగ్గించండి, పాపం చైనా వాళ్లు" అంటూ తీశాడు. వెనకనున్న ఇద్దరు మిగతా సామానంతా మోసుకుపోయాక, చివరగా నన్నూ, ఫ్యాన్నీ, చెత్తబుట్టనీ, గోడ గడియారాన్నీ పెట్టెలో వేసుకుని స్టోర్సుకి తీసుకుపోయారు. అక్కడ నాకు జరిగిన అవమానం తర్వాత చెబుతాను. సాయంత్రానికి తిరిగి ఇక్కడే దింపారు. ఫోను పట్టుకున్న మనిషి మాట ఆపకుండానే ఏదో సంతకం గీకేశాడు.

పదకొండు ఇరవైకి తలుపు తెరుచుకుంది.

"ఏటి గవర్రాజు మావా, ఇంత సిక్కిపోనావేటి?"

ఆ గొంతు లిన్ యూది. ఆరేళ్ల కిందట ఇక్కడికే తెలుగు నేర్చుకోవడానికి వచ్చిన చెంగ్డూ పిల్ల. ఇవాళ వాళ్ల ప్రతినిధుల బృందానికి నాయకురాలు. తరగతిలో పద్మనాభం గారు ఏడాదిపాటు ఆమెకి గ్రాంథికం బోధించారు. క్యాంటీన్లో పెసరట్టు తినిపిస్తూ గవర్రాజు కబుర్లు చెప్పాడు. ఏ చదువు ఒంటబట్టిందో ఆమె నోరు తెరిస్తే తెలిసిపోతుంది.

"ఏం నేదు తల్లీ," అన్నాడు గవర్రాజు.

"ఏం లేకపోవడమేమిటి, మన ముద్ర దొంగిలించాడు!" అన్నారు డైరెక్టరు.

"మావా? దొంగా? ఏటి సార్, మతి గానీ పోనాదా?"

"కూర్చోండమ్మా, కూర్చోండి. గవర్రాజూ, కుర్చీకి అడ్డంగా ఆ పెట్టె ఏమిటి? తీసెయ్!"

గవర్రాజు శాలువాలు పక్కన పెట్టి పెట్టె ఎత్తాడు. ఫ్యాను బరువుకి అడుగు ఊడిపోయింది. గడియారం, చెత్తబుట్ట, ఫ్యాను, వాటి వెనకాలే నేనూ. దొర్లుకుంటూ పోయి లిన్ యూ చెప్పు దగ్గర ఆగాను.



"చూశారా!" పద్మనాభం గారు లేచి నిలబడ్డారు. "వాడి చేతుల్లోంచే పడింది! మీరే సాక్షి! దాచింది కూడా నా గదిలోనే, ఎంత ధైర్యం!" నివేదిక దగ్గరికి లాక్కుని పెన్ను మూత తీశారు. "ఇంక పేరు రాసేయడమే."

గవర్రాజు ఖాళీ పెట్టెను కింద పెట్టాడు. నేను నేల మీద పడి ఉన్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ల నౌకరీ, నా కళ్ల ముందే, నా పేరు చెప్పి పోతోంది.

లిన్ యూ నన్ను తీసుకుని తిరగేసింది. అప్పుడు బయటపడింది నా అవమానం. అక్షరాలు చెక్కిన ముఖం నిండా తెల్లటి పెయింటుతో, లావుగా, 44 అని రాసి ఉంది.

"మా భాషలో నాలుగంటే చావులా వినబడతాది, మా దేశంలో ఈ అంకె లిఫ్టుల్లో కూడా రాయరు సార్. ఎవుల్రాసారిది?"

"తెల్ల పెయింటు నంబర్లు స్టోర్సోళ్లేస్తారు తల్లీ," అన్నాడు గవర్రాజు నెమ్మదిగా. "ఫ్యానుకీ ఉంది సూడు, నలభై మూడు. ఎక్కడ సదునుగా ఉంటే అక్కడేస్తారు. దీనికి సదునున్నది మొకం ఒక్కటే గదా."

అని ఊరుకోలేదు. గదికి రంగులేసిన పెయింటర్లు కిటికీలో మరిచిపోయిన, పెయింటు వదిలించే టర్పెంటైను సీసా తెచ్చి, తువ్వాలు కొసతో నా ముఖం రుద్దడం మొదలుపెట్టాడు. తన మెడ మీద కత్తి వేలాడుతున్నా నా మొహమే ముందు కడుగుతున్నాడు. పక్కన పెన్ను కరకరలాడుతూనే ఉంది. "గ... వ..."

"ఆగండి సార్." లిన్ యూ వంగి పెట్టె మూతకి అతికించిన కాగితం ఊడదీసింది. "ఇది స్టోర్సు రసీదు. తెలుగులో ఉంది. సదవనా?"

"ఇప్పుడెందుకమ్మా, ఆలస్యమవుతుంది..."

"మీరే గదా సార్ నేర్పారు, తెలుగు కనబడితే సదివీమని."

వేలు పెట్టి, తొలి తరగతి పిల్లలా, ఒక్కొక్క మాటా విడదీసి పైకి చదివింది. "కేంద్రములోని ప్రతి వస్తువునకు నంబరు వేయించవలెనని ఆదేశించి, అలమరాను నా వద్దనున్న రెండవ తాళముతో నేనే స్వయముగా తెరచి, నలభై నాలుగు వస్తువులను అప్పగించితిని. నంబర్లు వేసిన పిమ్మట అన్నింటిని సరిచూసుకుని, నా గదిలోనే తిరిగి తీసుకొంటిని."

పెన్ను ఆగిపోయింది.

గవర్రాజు నన్ను ఎర్ర ముద్దలో అద్ది, లిన్ యూ తెచ్చిన ఒప్పందం మీద, చెంగ్డూ ముద్ర పక్కనే ఆనించి నొక్కాడు. నా అక్షరాలన్నీ, సింహం కింద ఇన్నాళ్లూ దాచుకున్నవన్నీ, శుభ్రంగా ఎర్రగా పడ్డాయి. ఆ తర్వాత డైరెక్టరు చేతికిందనున్న నివేదికను రెండు వేళ్లతో మెల్లగా లాగి, "గవ" కొట్టేసి, పెన్ను పట్టుకుని నిలబడ్డాడు.

"కింద సంతకం ఎవలిది తల్లీ? సెప్పు, ఆ ఖాళీలో రాసీస్తాను."

లిన్ యూ కాగితాన్ని వెలుగులోకి ఎత్తి పట్టుకుంది. తన గురువు నేర్పిన ఉచ్చారణతో, ఒక్క అక్షరం కూడా జారవిడవకుండా, గదంతా వినబడేలా పలికింది:

"ఇట్లు, ప్రొఫెసర్ ఆకెళ్ల పద్మనాభం."