ఏడువారాల అరలు

గురువారం ఉదయం 9.40కి కుమాసి నగరంలోని ఒక పత్రిక కార్యాలయంలో మరణ ప్రకటనలను కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కించే వేగం గంటకు నాలుగు వందలకు పడిపోయింది. సోమవారం అది ఆరు వేలు.

మొత్తం ప్రకటనలు 2,14,306. అందులోని కొత్త భండారంలోకి చేరినవి 61,000. మిగిలినవి పాత కంప్యూటర్‌లో ఉన్నాయి. దానిలోని ప్రోగ్రామ్ తప్ప వాటిని చదవగలిగేది మరొకటి లేదు. ఆ కంప్యూటర్ అద్దెది. శుక్రవారం సాయంత్రం అయిదుకు పట్టుకుపోతారు. కాగితాలు రెండేళ్ల కిందటి వానకు తడిసి పాడైపోయాయి.

వాటిని ఇరవై తొమ్మిదేళ్లుగా చూసుకుంటున్నది సెర్వా. కాగితాల కాలంలో ఆమె ఏడు అరలు పెట్టింది. పోయిన మనిషి ఏ వారం పుడితే ఆ వారం అర. ఆదివారం పుట్టినవాడు క్వాసి, శుక్రవారం పుట్టినవాడు కోఫీ. వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఆ పేరుతోనే అడుగుతారు. వుంపిని అనే ప్రోగ్రామర్ ఆ ఏడు అరలనే కొత్త భండారంలోకి దించాడు. అతనిది ఉత్తరాన ఉన్న తమాలే ఊరు. అతనికి వారం పేరు లేదు.

"ఆంటీ, మీ శుక్రవారం అరలో ఎంతమందో తెలుసా? తొమ్మిది వేలు దాటారు."

"అంతమంది శుక్రవారమే పుడితే నన్నేం చెయ్యమంటావ్?"

"కొత్తగా ఒకరొస్తే చాలు, మెషిన్ ఆ తొమ్మిది వేల పేర్లూ మొదట్నుంచీ మళ్లీ రాసుకుంటోంది. అందుకే ఈ నత్తనడక."

"అరలు తీసేస్తానంటే ఊరుకోను. వారం పేరే లేనోడివి, నీకేం తెలుసు?"

"తియ్యను. అరలో ఏళ్లు, ఏడాదిలో నెలలు, నెలలో తేదీలు. ఎవరు పోయిన తేదీ కింద వాళ్లుంటారు. ఒక్కోచోట కొద్దిమందే, తిరగరాసినా క్షణం పట్టదు."

"ఏడాది గుర్తులేనోళ్లు వస్తే?"

"పేరూ ఊరూ చెబితే దొరుకుతాడు. వెతికే పట్టిక ఆఖర్న ఒక్కసారే కడతాను."

"మరి మొదట్లోనే చెప్పలేదేం?"

"మీరు గీసిచ్చిన అరలు కదా. చెయ్యి పెట్టాలంటే భయమేసింది."

"భయమా! నా మొక్కజొన్న కెంకే తినేటప్పుడు లేదే!"

వుంపిని అరల్ని అలాగే మార్చాడు. ఒక్కో ప్రకటననూ విడిగా భద్రపరచడం కూడా మానేశాడు. అయిదు వందలకొకసారి భద్రపరిచేలా చేశాడు. రెండు వేలతో పరీక్షించాడు. పదమూడు నిమిషాలు పట్టింది.

చేరిన 61,000నూ తుడిచేసి మళ్లీ ఎక్కిస్తానన్నాడు. సెర్వా అతని చెయ్యి పట్టుకుంది.

"పాతదాంట్లో ఉన్నాయిగా ఆంటీ. పోవు."

ఆమె చెయ్యి వదిలింది. 12.10కి అతను మొదటినుంచీ మొదలుపెట్టాడు. ఆమె కెంకే పొట్లం విప్పి, చేపలో పెద్ద ముక్క అతని వైపు జరిపింది.

శుక్రవారం మధ్యాహ్నం 12.15కి చివరి ప్రకటన చేరింది. 2.50కి పట్టిక పూర్తయింది. రెండు చోట్లా లెక్క 2,14,306.

4.20కి ఎజిసు నుంచి ఒకామె వచ్చి తాత ప్రకటన కావాలంది. పేరు కోఫీ, ఏడాది తెలియదు. ఎజిసు కోఫీలు ముప్పై ఎనిమిది మంది వచ్చారు. పదకొండోవాడు ఆమె తాత. సెర్వా ప్రింటు తీసి ఇచ్చింది.

5.05కి పాత కంప్యూటర్‌ను వ్యాన్‌లోకి ఎక్కించారు.