నోట్లో మిగిలిన నిప్పు

చుట్ట మానేసిన మూడో రోజున ఎర్రమ్మ ఆవులిస్తే ఎదురుగోడ మీద ఎర్రటి వెలుగు పడుతుంది. చుట్ట లేదు గానీ నిప్పు నోట్లోనే ఉంది. ఆమె నోరు మూసుకుంటుంది. గోడ మళ్ళీ మామూలు రంగుకు వస్తుంది.

ఈ జాలరిపేటలో ఆడవాళ్ళు తాగేది అడ్డపొగ. చుట్ట కాలే కొసను నోటి లోపల పెట్టుకుని పెదవులు బిగిస్తారు. సముద్రపు గాలికి ఆరదు, గంప మోసే చేతులకు అడ్డం రాదు. ఎర్రమ్మ నలభై ఏళ్ళు అలాగే తాగింది. అంగిట్లో తెల్లమచ్చ చూసి ఆసుపత్రి నర్సమ్మ పెట్టిన చీవాట్లకు ఒక్కసారిగా మానేసింది. మానేసిన సంగతి పేటంతటికీ చెప్పింది గానీ నిప్పుకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

"నానెక్కడికెల్లాలి?" అంటుంది నిప్పు, నాలిక కింది నుంచి. "ఇన్నేళ్ళు ఇంట్లో ఎట్టుకుని ఇప్పుడు పొమ్మంటే అయిపోద్దా?"

"బయటికి పో."

"బయట గాలి. నువ్వు కదలకుండా కూకున్నప్పుడు పక్క నోట్లోకి పోతాను. ఆ నోరు నాకు తెలుసు."

పక్క నోరంటే తులసిది. ఎర్రమ్మ కూతురి కూతురు, తొమ్మిదేళ్ళది. తల్లి చేపలమ్ముకోవడానికి టౌనుకు పోతే పగలంతా అమ్మమ్మ దగ్గరే ఉంటుంది. "పొయ్యి కాడ ముట్టించుకు రాయే" అని చుట్ట చేతికిచ్చి పంపింది ఎర్రమ్మే, ఒకసారి కాదు, రోజూ. చుట్ట అంటుకోవాలంటే ఒక్క దమ్మయినా లాగాలి. ఆ ఒక్క దమ్ములోనే నిప్పు దారి చూసి పెట్టుకుంది.

ఎర్రమ్మకు భయం వేస్తుంది. చచ్చిపోతానన్న భయం ఆమెకు ఎప్పుడూ లేదు, ఇది వేరే భయం. తన తప్పు తులసి రూపంలో తన కళ్ళ ముందే ఎక్కాలు రాసుకుంటూ కూర్చుంది.

ఐదో రోజుకు ఇల్లు కూడా నిప్పు పక్షం చేరుతుంది. గడప మీద పళ్ళు మొలుస్తాయి, ముందు రెండు, ఆ తర్వాత వరసంతా. పైకప్పు లోపలివైపు గులాబీరంగుకు తిరిగి, తడిగా వంపు తేలుతుంది. మధ్యలో తెల్లమచ్చ ఉంటుంది. నేల మెత్తబడుతుంది.

"నేల ఎచ్చగా ఉందే అమ్మమ్మా," అంటుంది తులసి, బోర్లా పడుకుని.

ఆ రోజు నుంచి ఎర్రమ్మ కూర్చోవడం మానేస్తుంది. నిలబడే వండుతుంది, నిలబడే తింటుంది. కాళ్ళు పీకుతున్నా గోడకు ఆనుకోదు, గోడ ఇప్పుడు బుగ్గలా మెత్తగా ఉంది. ఒంటరిగా ఎంతసేపని నిలబడుతుంది? నిప్పుకు తొందరేమీ లేదు.

ఆరో రోజు పొద్దున్నే ఒడ్డుకు పోతుంది. పేట జనమంతా కలిసి లాగే పెద్ద వలకు పోలయ్యే పెద్ద. తాడు విప్పుతూ ఉంటాడు.

"నాకూ తాడు మీద సోటియ్యి తమ్ముడా. కూకుంటే నా తులసి గుంట పోద్ది."

పోలయ్య ఏమిటని అడగడు. తన ఇంటి వైపు వేలు చూపిస్తాడు. అరుగు మీద ఎవరో కాళ్ళూపుకుంటూ కూర్చున్నారు. ముఖం ఉండాల్సిన చోట సీసా మూత ఉంది.

"నా సారా అది. మానేసి ఆరేళ్ళయినాది. నాను తాడు మీదున్నంతసేపు అరుగు దిగదు. నువ్వూ పట్టుకో అప్పా, అడగడమేటి."

తాడు పట్టినవాళ్ళు వెనక్కి వెనక్కి నడుస్తారు. అందరికంటే వెనకవాడు తాడు వదిలి, నీళ్ళ దాకా పరిగెత్తి, ముందుకు వచ్చి మళ్ళీ పట్టుకుంటాడు. అలా అందరూ అన్ని చోట్లా నిలబడతారు, ఎవరూ ఎక్కడా ఆగరు. ఎర్రమ్మ మోకాళ్ళు రెండు రోజులు తిట్టుకుని ఊరుకుంటాయి. నిప్పు చింతగింజంత అవుతుంది, ఆవగింజంత అవుతుంది. ఇన్నాళ్ళకు ఆమె గట్టిగా నవ్వుతుంది కూడా.

తొమ్మిదో రోజున వలతాడు మొదటి కొస కట్టే వంతు ఎర్రమ్మకు వస్తుంది. ఒడ్డున పాతిన గుంజకు ఆ కొస కడితే, పడవ సముద్రంలో వల చుట్టూ తిప్పి రెండో కొస తెచ్చిస్తుంది. నిన్నటి వరకూ పోలయ్య కట్టేవాడు. పొద్దెక్కే ఆ వేళకు చుట్ట కోసం ఇంటికి పోవడం ఎర్రమ్మ చేతులకు నలభై ఏళ్ళ అలవాటు. చేతులు పోతే ఆమె కూడా వెనకే పోతుంది. కొసను తన ఇంటి గుంజకే కట్టి వస్తుంది.

పడవ తిరిగి వస్తుంది. అందరూ రెండో కొస పట్టి లాగుతారు. ఎర్రమ్మ ఇల్లు పునాదితో సహా కదిలి, ఇసుక మీద జారుతూ వాళ్ళ పక్కనుంచే సముద్రంలోకి పోతుంది. కిటికీలో తులసి ఉంది. చెయ్యి ఊపుతుంది.

ఎర్రమ్మ అరుస్తుంది. తెరిచిన ఆ నోట్లోంచి నిప్పు గెంతి, కిటికీలో దూరుతుంది. నలభై ఏళ్ళలో మొదటిసారి ఆమె నోరు చల్లబడుతుంది.

"తాడు ఒగ్గండి, లాగకండి! గుంట లోపలుంది!"

"ఒగ్గితే ఇల్లు సముద్రానికే ఉండిపోద్ది," అంటాడు పోలయ్య, లాగుతూనే. "లాగితే మనకొస్తాది. లాగప్పా!"

ఎర్రమ్మ లాగుతుంది. పేటలో ఎవరూ ఇంట్లో ఉండరు. గంపలు దించి ఆడవాళ్ళు వస్తారు, చేతికర్రలు పడేసి ముసలివాళ్ళు వస్తారు. ఐలెస ఐలెస అంటూ లాగుతుంటే తాడు పెరుగుతూనే ఉంటుంది. ఒడ్డున చుట్టిన తాడు చుట్టలు కొబ్బరిచెట్ల ఎత్తుకు చేరతాయి. ఎర్రమ్మ అరచేతుల తోలు తాడుతో పోతుంది. ఆమె చూసుకోదు.

చివరికి వల వస్తుంది. వలలో ఇల్లు. గడప పళ్ళు తలుపును కరుచుకుని ఉన్నాయి. పదిమంది పట్టి విడదీస్తారు.

లోపల తులసి నేల మీద కూర్చుని ఉంది, ఒంటి మీద ఒక్క చుక్క తడి లేదు. పెదవులు బిగించింది. బుగ్గలు లోపలి నుంచి ఎర్రగా వెలుగుతున్నాయి.

"నోరు తెరువమ్మా," అంటుంది ఎర్రమ్మ. "నిన్నేటీ అనను. తప్పు నాది."

తులసి నోరు తెరుస్తుంది. నాలిక మీద ఒక తాడు కొస ఉంది, తడిగా, ఉప్పు పట్టి. మిగతా తాడు గొంతులోకి బిగుతుగా దిగిపోయింది. ఎర్రమ్మ వంగి చూస్తుంది. అక్కడ లోతున ఒక ఒడ్డు ఉంది. ఒడ్డున వరసగా ముసలమ్మలు, పెదవుల సందుల్లో ఎర్రటి వెలుగు. అందరికంటే ముందున్నది ఎర్రమ్మ తల్లి. ఆ వెనక తల్లికి తల్లి. అందరూ కూర్చుని తాడు లాగుతున్నారు. నిప్పు తాడు మీదుగా ఇటు పాకి వస్తోంది.

నాలిక మీది కొస ఒక వేలెడు లోపలికి జారుతుంది.

ఎర్రమ్మ దాన్ని పట్టుకుంటుంది. ఆమె నడుము పోలయ్య పట్టుకుంటాడు, అతని నడుము ఇంకొకరు, అలా గడప దాటి, ఇసుక దాటి పేటంతా. తాడు అటూ రాదు, ఇటూ రాదు.

అప్పుడు తులసి నోరు మూయకుండానే లేచి నిలబడుతుంది. తన చిన్న చేతులు రెండూ ఎర్రమ్మ చేతుల ముందు తాడు మీద వేసి, ఒక అడుగు వెనక్కి వేస్తుంది.

తాడు మూరెడు బయటికి వస్తుంది. లోపలి ఒడ్డున ఎర్రమ్మ తల్లి కూర్చున్న చోటి నుంచి లేస్తుంది, ఆమె పెదవుల సందున వెలుగు చింతగింజంత అవుతుంది.