దిగని పాదరసం

నేను ఒక బీపీ మిషన్ను. బూడిదరంగు ఇనుప డబ్బా, మూత ఎత్తితే నిలబడే గాజుగొట్టం, అందులో పాదరసం, చేతికి చుట్టే గుడ్డపట్టీ, గాలి కొట్టే రబ్బరు బుడ్డ. ఇంతే నా ఒళ్ళు. ఏ కార్ఖానాలో పుట్టానో గుర్తు లేదు. కోరుట్లలో ఒక డాక్టరమ్మ దగ్గర చాలాకాలం పనిచేశాను. ఆమె ఆసుపత్రి మూసేస్తూ నన్ను నర్సు మార్తమ్మ చేతిలో పెట్టింది. మార్తమ్మ పక్కింట్లో పిండిగిర్ని కనకరాజు ఉండేవాడు. నా అయోమయమంతా అక్కడే మొదలైంది.

కనకరాజు తాగడు, చుట్ట కాల్చడు. అయినా అతని దండచేతికి నన్ను చుట్టగానే పాదరసం ఎగబాకి పైనే కూర్చునేది. బీపీ గోలీ మార్చారు, ఇంకొకటి కలిపారు. దిగలేదు. అతని భార్య అనసూయ కూరలో ఉప్పు తగ్గించింది, మామిడి తొక్కు జాడీని అటకెక్కించింది. అయినా దిగలేదు.

“గోలీలు మింగుతున్నవా, పారేస్తున్నవా అన్నా?” అనేది మార్తమ్మ.

“నా కండ్ల ముందటనే మింగుతడక్కా. నీ మిషనే ఖరాబైనట్టుంది,” అనేది అనసూయ.

నిజమేనేమో అని నాకే అనుమానం పట్టుకుంది. మరి మిగతావాళ్ళ చేతుల మీద సరిగ్గానే చెబుతున్నానే!

ఇంకో వింత. అతనికి పొద్దున లేస్తూనే తలనొప్పి. గిర్ని తిరుగుతుండగానే కునుకు. ఒకసారి నిలబడే తూగి బెల్టు మీదికి ఒరిగితే, జొన్నలు తెచ్చినావిడ అంగీ పట్టి వెనక్కి గుంజింది. అతని గురక వాడంతా వినబడేది కాబట్టి, మనిషికి నిద్ర కొదవ లేదని అందరి నమ్మకం. మనుషులు నిద్రను చప్పుడుతో కొలుస్తారు కాబోలు.

ఒక పొద్దున చాయ్ గ్లాసు అతని ఎడమచేతిలోంచి జారిపోయింది. మూతి వంకరపోయింది. పక్షవాతం. కరీంనగర్ తీసుకెళ్ళి బతికించుకున్నారు. తర్వాత చూపించుకోవడానికి వెళ్ళిన రోజు, నా సంగతి తేల్చాలని మార్తమ్మ నన్నూ సంచిలో వేసుకుంది.

అక్కడి డాక్టరమ్మ తన మిషన్‌తో చూసింది, నాతో చూసింది. రెండూ ఒకటే చెప్పాయి. తప్పు నాది కాదు. మరి తప్పెక్కడ? ఆమె కాగితాలు తిరగేస్తుండగానే కనకరాజు కుర్చీలో నిద్రపోయాడు. గురక గది నిండి, ఠక్కున ఆగింది.

“ఇగో, ఇప్పుడు నిమ్మలంగ పండిండు మేడం,” అంది అనసూయ.

డాక్టరమ్మ కాగితాలు వదిలేసి అతని ఛాతీ వైపే చూసింది. ఛాతీ ఎగదన్నుతోంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. భుజం పట్టి కుదిపింది. అతను నీళ్ళలోంచి తేలినట్టు ఒక్కసారిగా ఊపిరి పీల్చాడు.

“నిమ్మలం కాదమ్మా, ఊపిరి ఆగింది. నిద్రలో గొంతు మూసుకుపోతోంది. మూసుకున్నప్పుడల్లా గుండె ఉలిక్కిపడుతుంది, బీపీ ఎగబాకుతుంది. వట్టి గోలీలతో ఎట్ల దిగుతుంది? పక్షవాతానికి కూడా ఇది దారి తీస్తుంది.”

“చప్పుడు ఆగినప్పుడల్లా నేను సంబురపడి పండుకునేదాన్ని,” అంది అనసూయ.

నిద్ర పరీక్ష చేసి, ముక్కుకు తొడుక్కునే గాలిమిషన్ ఇచ్చారు. “ఏనుగు తొండం లెక్కున్నది, నేను పెట్టుకోను,” అన్నాడు కనకరాజు.

“ఇంకో చెయ్యి గూడ పోవాల్నా?” అంది అనసూయ. పెట్టుకున్నాడు.

నెలలు గడిచేకొద్దీ పాదరసం మెల్లగా దిగింది. తలనొప్పి పోయింది, పగటి కునుకు పోయింది. ఎడమచేతి పట్టు మాత్రం తిరిగి రాలేదు. గిర్ని ఇప్పుడు అనసూయే నడుపుతోంది. మార్తమ్మ బ్యాటరీతో నడిచే చిన్న మిషన్ కొనుక్కుని, నన్ను కనకరాజు ఇంటి గూట్లో పెట్టింది. నాకు పని లేదు. చూస్తూ ఉంటాను.

మధ్యాహ్నం కనకరాజు ముక్కుకు తొడుగు పెట్టుకుని మంచం మీద నడుం వాలుస్తాడు. గురక ఉండదు. అనసూయ గిర్ని ఆపి వస్తుంది, పిండి చెయ్యి అతని ఛాతీ మీద పెడుతుంది. అది లేచేదాకా తానూ ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. ఈ నిశ్శబ్దం మంచిదేనని డాక్టరమ్మ చెప్పింది. అయినా ఆమెకు నమ్మకం కుదరదు, నాకూ కుదరదు. ఛాతీ లేస్తుంది. బనీను మీద తెల్లటి అరచేతి గుర్తు వదిలి, ఆమె మళ్ళీ గిర్ని దగ్గరికి పోతుంది.