ఫ్రిజ్‌లో నల్ల ఫొటోలు

ఆ రోజు మా ఫ్రిజ్‌లో పాలు లేవు, కూరగాయలు లేవు, చివరికి మంచినీళ్ళు కూడా లేవు. అన్నీ పక్కింటివాళ్ళ ఫ్రిజ్‌లో తలదాచుకున్నాయి. మా దాంట్లో నడి అరలో మా ఆయన కెమెరా ఒక్కటే మహారాజులా కూర్చుంది.

"సాయంత్రం నేనొచ్చేదాకా తలుపు తీయకు. నీకు దణ్ణం పెడతా," అని మా ఆయన ఆఫీసుకు వెళ్ళారు.

చలికాలమంతా మేడ మీద కూర్చుని ఒక నక్షత్రాల గుంపును ఫొటోలు తీశారు. కెమెరా కాస్త వేడెక్కినా ఆకాశంలో లేని ఎర్ర చుక్కలు ఫొటోలో పుట్టుకొస్తాయట. మూత పెట్టి, అంతే చలిలో ఉత్త నల్ల ఫొటోలు తీసుకుంటే, వాటితో పోల్చి ఆ దొంగ చుక్కలను ఏరేయొచ్చట. అప్పుడు బద్ధకించారు. ఇప్పుడేమో మండుటెండలు. ఫ్రిజ్‌లో తప్ప చలి ఎక్కడ దొరుకుతుంది? అందుకే మూత పెట్టిన కెమెరా అందులో కూర్చుని దానంతటదే నల్ల ఫొటోలు తీసుకుంటోంది.

ఈ హడావుడంతా మామయ్యగారి కోసం. నలభై ఏళ్ళు చేతి గడియారాలు బాగుచేసిన మనిషి. ఇప్పటికే కళ్ళముందు లేనిపోని మచ్చలు తేలుతున్నాయి. ఎల్లుండి కంటి ఆపరేషన్. ఆ తర్వాత చూపు ఉంటుందో ఉండదో చెప్పలేనని డాక్టరు తేల్చేశాడు. ఈలోగా కొడుకు తీసిన ఫొటో చూడాలని ఆయన కోరిక.

నేను పొద్దున్నుంచీ స్కూలు యూనిఫాంలు కుడుతూనే ఉన్నాను. మధ్యాహ్నానికి నడుం పడిపోయింది. ఫ్యాను వేడిగాలి కొడుతోంది. ఒక్క నిమిషమే కదా అని ఫ్రిజ్ తెరిచి మొహం లోపల పెట్టాను. ఎంత హాయిగా ఉందో! తలుపు నెట్టేసి వచ్చి కుర్చీలో వాలాను. కళ్ళు తెరిచేసరికి నాలుగైంది. తలుపు బెత్తెడు తెరుచుకునే ఉంది. గబగబా మూసేశాను. నోరు కూడా మూసుకున్నాను.

మర్నాడు మా ఆయన ఆ నక్షత్రాల ఫొటోను పెద్దదిగా ప్రింటు వేయించి తెచ్చారు. నీలంగా అందంగానే ఉంది గానీ, దాని నిండా ఎర్ర చుక్కలు.

"ఎక్కడ తేడా కొట్టిందో అర్థం కావట్లేదు," అంటూ సోఫాలో కూలబడ్డారు. మళ్ళీ చేసే టైం లేదు.

మామయ్యగారు గడియారాల భూతద్దం కంటికి పెట్టుకుని చాలాసేపు చూశారు.

"బ్రహ్మాండంగా ఉందిరా. ఈ ఎర్ర చుక్కలంటావా, అవి నా కంట్లోవిలే. నా చూపు పనైపోయింది."

ఎంత మామూలుగా అన్నారో! ఇక ఉండబట్టలేకపోయాను.

"కాదు మామయ్యా! అవి ఫొటోలోవే. నిన్న ఫ్రిజ్ నేనే తీశాను. సరిగ్గా వేయకుండా నిద్రపోయాను."

మా ఆయన నా వైపు చూశారు. నేను తలెత్తలేదు.

"అన్నీ ఫొటోలోవేనా?" అన్నారు మామయ్యగారు.

"అన్నీ మామయ్యా."

"ఈ మూలన ఉన్న చిన్నది కూడానా?"

వంగి చూస్తే గానీ నాకే కనబడలేదు. "అది కూడా."

"అయితే నాకింకా కనబడుతోందన్నమాట!" అంటూ ఒక్కో చుక్క మీద వేలు పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

"ఎప్పటికైనా అవి తీసేసి ఇస్తాలే నాన్నా," అన్నారు మా ఆయన నీరసంగా.

"ఒక్కటి తీసినా ఊరుకోను."

ముప్పై ఏడు దగ్గర మామయ్యగారి వేలు ఆగి, తర్వాతి చుక్క కోసం వెతుక్కుంది. మా ఆయన లేచి, నా కుట్టుమిషను మీది దీపం తెచ్చి ఫొటోకు దగ్గరగా పట్టుకున్నారు.