వెస్లీ మెడలో బాలవ్వ గొలుసు

వెస్లీ మెడ వాచింది. పొద్దున నిమ్మకాయంత, మధ్యాహ్నానికి బత్తాయంత. పక్కింటి బాలవ్వ మందమర్రి క్వార్టర్లన్నీ తిరిగి చెప్పి వచ్చేసరికి గుమ్మడికాయ దాటిపోయింది.

"గవదబిళ్లలే" అని తేల్చేసింది బాలవ్వ. దానికి ఆమె ఎరిగిన వైద్యం ఒకటే, మెడలో బంగారం. తన గొలుసు తీసి వెస్లీ మెడలో వేసి, కొక్కెం ఊడకుండా దారంతో ముడి బిగించింది.

"తగ్గేదాక తియ్యద్దు కొడుకా. తీసినవో, కాళ్లు ఇరగ్గొడత."

ఆ మాటకైనా వాపు భయపడాల్సింది. పడలేదు. జ్వరం వదలదు, గొంతులో ముద్ద దిగదు. మంచం దిగి నీళ్ల బిందె దాకా పోవడం ఆదిలాబాద్ దాకా నడిచినట్టుంది. తల్లి రెబెకా అతన్ని మంచిర్యాల తీసుకుపోయింది.

రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ చెప్పింది: "గవదబిళ్లలు కావు. గ్రంథుల జ్వరం. ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్‌తోని వస్తది. శానామందికి చిన్నప్పుడే వచ్చి తెల్వకుండ పోతది. వయసు పిల్లలకొస్తే గిట్ల పడగొడతది. ఉమ్మితోని అంటుకుంటది."

రెబెకా మెల్లగా కొడుకు వైపు తిరిగింది. "ఎవల ఉమ్మిరా?"

"అవ్వా, కబడ్డీ టీమోళ్లందరం ఒక్కటే సీసకు మూతి పెట్టి తాగినం!"

"అందరిదా!" అంది రెబెకా, ఒక్క పిల్లదైతేనే నయమన్నట్టు.

"దాన్ని చంపే మందు లేదు," అంది డాక్టరమ్మ. "నీళ్లు తాగు, పండుకో. జ్వరం పోయినా వైరస్ ఒంట్లనే నిద్రపోతది, దానికి ఫికర్ చెయ్యకు. ఫికరంతా గీ తిల్లితోని." ఎడమ పక్కటెముకల కింద చూపించింది. "ప్లీహం బాగ వాచింది. దెబ్బ తాకితే పగిలి పానం మీదికొస్తది. నేను మల్ల చూసి చెప్పేదాక కబడ్డీ బంద్."

జ్వరం తగ్గింది. తగ్గగానే డాక్టరమ్మ మాట కూడా తగ్గిపోయింది. బెల్లంపల్లితో ఫైనల్.

"నువ్వు లేకుంటే కప్పు కాదు, కప్పు చాయ్ గూడ గెలువం" అన్నాడు కెప్టెన్ రంజిత్. ప్రార్థన కూడికకని ఇంట్లో చెప్పి వెస్లీ బరి దగ్గరికి పోయాడు.

రిఫరీ ఆపాడు. "మెడల బంగారంతోని రానియ్య. తీసి రా."

వెస్లీ ముడి లాగుతుంటే జనంలోంచి కేక. "ఎవడ్రా నా ముడి ముట్టేది?"

బాలవ్వ! "గొలుసు యాడికి పోతే నేనాడికే" అంటూ ముందుకొచ్చింది.

"పెద్దవ్వా, వానికి గవదబిళ్లలు కావంట. డాక్టరమ్మనే చెప్పింది" అన్నాడు రంజిత్.

"తిల్లి సంగతి గూడ గామెనే చెప్పింది గదరా! సగం మాట నమ్మి సగం మింగుతరా? ముడి నేనేసిన. ఇయ్యాల ఎవల్ని తియ్యనియ్య."

వెస్లీ బదులు పరశురాములు దిగాడు. మొదటి కూతలోనే బెల్లంపల్లివాడి మడమ అతని ఎడమ పక్కటెముకల కింద దిగింది. పరశురాములు కూలబడి, ముక్కి, దుమ్ము దులుపుకుని లేచాడు. వెస్లీ చెయ్యి తనకు తెలియకుండానే తన ఎడమ పక్కటెముకల మీదికి పోయింది. అది తనకు తగిలి ఉంటే, లేచేవాడు కాదు.

జట్టు ఓడింది. ఎంత తేడాతో అని అడిగితే రంజిత్ ఇప్పటికీ ఎండల గురించి మాట్లాడతాడు.

ప్లీహం మామూలుగా అయిందని స్కానింగ్ చూసి డాక్టరమ్మ చెప్పిన రోజు, వెస్లీ నేరుగా బాలవ్వ గడప ముందు తల వంచి కూర్చున్నాడు. ఆమె దారం పళ్లతో కొరికి గొలుసు తీసుకుంది.

"జూసినవా? బంగారమేస్తే తగ్గలేదా?"

వైరస్‌కు బంగారమో ఇత్తడో తెలియదని చెప్పడానికి వెస్లీ నోరు తెరిచాడు. చెయ్యి మళ్లీ ఎడమ పక్కటెముకల మీదికి పోయింది.

"తగ్గింది పెద్దవ్వా," అన్నాడు. "నీ బంగారంతోనే బతికిన."