చూరులో తాళంచెవి

తేనె సంఘం ఆఫీసులో ఒక చిన్న కంప్యూటర్ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. ఏ గుట్ట మీద తేనెపట్టు కోతకు వచ్చిందో ఆడవాళ్లు ఫోన్లలో రాసుకునే చాట్ అంతా దాని లోపలే. దాన్ని చూసుకునేది వీరబాబు.

మొదటినుంచీ దానికి ఒకటే పాస్‌వర్డ్. చాట్ నడవడానికీ అదే, తేనె డబ్బాల లెక్క చూడటానికీ అదే. ఆ ఊళ్లో అడవికి పోయేవాళ్లు ఇంటి తాళంచెవి చూరులో దోపి పోతారు. ఉప్పు కావలసినవాళ్లు తలుపు తీసి, తీసుకుని, మళ్లీ వేసి పోతారు. తేనె కొనే కాంట్రాక్టర్ గుమస్తా గోపాలు, లారీ కోసం డబ్బాల లెక్క చూసుకుంటానంటే వీరబాబు అలాగే పాస్‌వర్డ్ ఇచ్చాడు.

ఈ ఏడు ఆడవాళ్లు గుట్ట ఎక్కేసరికి పట్టులన్నీ ఎవరో కోసుకుపోయారు. సంఘంలోని పుష్పలత తమ్ముడు ఆ కాంట్రాక్టర్ జీపే నడుపుతాడు. అందరూ ఆమెతో మాటలు మానేశారు.

చాట్‌కు కొత్త వెర్షన్ వేయడానికి సంఘం ప్రెసిడెంటు భీమక్క కూతురు వనజ పాల్వంచ నుంచి వచ్చింది. ముందు కంప్యూటర్ తాళాలు వేరువేరు చేసింది. చాట్‌కు ఒక యూజర్, బ్యాకప్‌కు ఒకటి, డబ్బాల లెక్క మాత్రమే చదవడానికి ఇంకొకటి. దేని పాస్‌వర్డ్ దానిదే.

"ఇగ చూడు మామా" అంటూ లెక్కల యూజర్‌తో మెసేజీలు తెరవబోయింది. 'అనుమతి లేదు' అని వచ్చింది. "మొన్నటిదాంక లెక్క చూసెటోనికి మాటలు గూడ కనబడేటియి. పాత పాస్‌వర్డ్ ఎవరికన్న ఇచ్చినవా?"

వీరబాబు చెవులు వేడెక్కాయి.

అప్పుడే భీమక్క గుమ్మంలోకి వచ్చింది. "వీరబాబూ, ఆ పుష్పలతను గ్రూపులకెల్లి తీసెయ్ రా. ఇంట్ల కూసోని తమ్మునికి అందిస్తాంది."

"తియ్యనక్కా."

"ఏం, నీకేమన్న చుట్టమా?"

"గోపాలుకు పాస్‌వర్డ్ ఇచ్చింది నేను. మీరు రాసుకున్నయన్ని ఆనికి కనబడ్డయ్."

వనజ తెర మీదినుంచి చూపు తిప్పలేదు.

"సంతకు పోతే ఆ పిల్ల పక్కన ఒక్కలం కూసోలే గదరా" అంది భీమక్క చివరికి. "నాకెందుకు చెప్తున్నవ్? పోయి ఆమెకు చెప్పు."

పుష్పలత ఇంటికి తాళం వేసి ఉంది. అలవాటు కొద్దీ చూరు వంక చూశాడు. తాళంచెవి లేదు. చెయ్యి పెట్టీ పెట్టీ నున్నబడిన గడ్డి మాత్రం కనబడుతోంది.

గడప ముందు కూర్చున్నాడు.

"ఏంది వీరబాబు, ఈడ కాపలా ఉన్నవా?" అని దారిన పోయేవాళ్లు నవ్వారు.

పుష్పలత కట్టెలమోపుతో వచ్చింది. తాళంచెవి కొంగున ముడివేసి ఉంది.

"ఏందన్నా?" అంది, మోపు దించకుండానే.

వీరబాబు లేచాడు. ఆ ముడి వంకే చూస్తూ, "చెల్లే" అని మొదలుపెట్టాడు.